కారణం స్పష్టంగా లేదు

పది గంటలైంది, ప్రశ్నపత్రాల కట్టలు విప్పి ఉంటారు, మొదటి బెంచీ నుంచి వెనక్కి ఒక్కొక్కటే అందుతూ ఉంటుంది అనుకున్నారు మాస్టారు, ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో ఇనుప బెంచీ మీద కూర్చుని. ఇవాళ సాక్ష్య చట్టం పరీక్ష. ప్రశ్నలు తయారుచేసింది ఆయనే. లా కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా ఆ ఒక్క చట్టమే చెబుతున్నందుకు పిల్లలు చాటున తనని సాక్ష్యం సారు అంటారని ఆయనకి తెలుసు, తెలియనట్టు ఉంటేనే మర్యాద అనుకుని ఊరుకుంటారు. ఎదురుగా ఐసీయూ తలుపు మూసి ఉంది. దాని వెనక మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఉంది. శుక్రవారం సాయంత్రం, హాజరు చాలక పరీక్షకి అర్హత లేనివాళ్ళ జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు, అందులో ఆమె నంబరు ఉంది, జాబితా కింద మాస్టారి సంతకం ఉంది. శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి హాస్టల్ గదిలో ప్రాణం తీసుకోబోయింది. ఒకటి ముందు జరిగింది, ఒకటి తర్వాత జరిగింది, ముందు జరిగింది కాబట్టి అదే కారణం అనడానికి వీల్లేదు, రుజువు చేసే భారం ఆరోపించినవాడి మీదే ఉంటుంది అని లోపల ఎవరో చెబుతున్నారు, పాఠం చెప్పే గొంతుతోనే, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఊపుతూ. ఎవరు ఆరోపించారు? ఎవరూ ఆరోపించలేదు. అదే ఊపిరాడనివ్వడం లేదు. ఎవరైనా వచ్చి చొక్కా పట్టుకుని నిలదీస్తే బాగుండును, ఎదురు జవాబు చెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

నిలదీయవలసిన మనిషి పక్కనే కూర్చున్నాడు. ఆ అమ్మాయి తండ్రి, దర్జీ. కోర్టు వెనక సందులో చిన్న కొట్టు, ముప్పై ఏళ్ళుగా లాయర్ల నల్లకోట్లు కుట్టడమే పని. శనివారం కబురందగానే మిషను ముందు నుంచి లేచి పరిగెత్తుకొచ్చాడట, మెడలో కొలతల టేపు ఇంకా అలాగే వేలాడుతోంది, సోమవారం వచ్చినా తియ్యలేదు, ఉందన్న సంగతే తెలియదేమో. తొమ్మిదిన్నరకి మాస్టారు వచ్చి, "కాలేజీ నుంచండీ, సాక్ష్య చట్టం చెబుతాను," అని ఇంకేదో అనబోయేలోపే అతను లేచి నిలబడి, చేతిరుమాలుతో బెంచీ తుడిచి, "కూర్చోండి సార్. వచ్చారు, అదే పదివేలు," అన్నాడు. తల్లి రెండు రోజులు తిండీ నిద్రా లేక పొద్దున కళ్ళు తిరిగి పడబోతే వాళ్ళ చెల్లెలు ఇంటికి తీసుకెళ్ళిందట. ప్రాణానికి భయం లేదన్నారట డాక్టరుగారు. నిన్నంతా మత్తులోనే ఉందట, ఇవాళ పూర్తిగా మెలకువ వస్తే పిలుస్తారట. అన్నీ అటలే, విన్న మాట సాక్ష్యం కింద చెల్లదు అని రాబోయిన ఆలోచనని మాస్టారు పళ్ళ కింద నొక్కిపెట్టారు. ఛీ, ఇదేం బుద్ధి. ఇంత అలవాటా. తండ్రి చచ్చిపోయిన రోజు కూడా మరణవాంగ్మూలం గురించి ఆలోచించిన మనిషి తను, నాన్న చివర మంచినీళ్ళు అడిగాడా, అమ్మని అడిగాడా అని అన్నదమ్ములు వాదించుకుంటుంటే, ఎవరి మాట చెల్లుతుందో లోపల్లోపల తూచిన మనిషి.

ఊడ్చే ఆవిడ వచ్చి కాళ్ళెత్తమంది. ఇద్దరూ కాళ్ళెత్తారు, బడిపిల్లల్లాగా, ఒకేసారి. ఫినాయిలు వాసన కింది నుంచి లేచి ముక్కుకి కొట్టింది. ఆవిడ వెళ్ళిపోయాక కూడా కాసేపు దర్జీ కాళ్ళు దించలేదు, మరిచిపోయినట్టున్నాడు, గాల్లో రెండు పాదాలు, ఒక మడమ దగ్గర పగుళ్ళు, మిషను తొక్కే కుడికాలి బొటనవేలు కాయకట్టి ఉంది. మాస్టారు చూపు తిప్పుకున్నారు. అర్జీలో ఏమని రాసింది ఆ పిల్ల? ఎన్నిసార్లు అనుకున్నా ఒక్క అక్షరం తేడా లేకుండా వస్తోంది. హాజరు తగ్గినవాళ్ళు కారణం చెప్పుకుని అర్జీ పెట్టుకోవచ్చు, కమిటీకి నచ్చితే మన్నిస్తుంది, కమిటీకి పెద్ద తనే. మూడు వారాల కిందట నలభై ఒక్క అర్జీలు, నలుగురు సభ్యులు, ఒక ట్రే నిండా టీ కప్పులు. కామెర్లు, టైఫాయిడ్, నడుంనొప్పి, మళ్ళీ కామెర్లు. ఏడుగురు పిల్లలకి ఒకే డాక్టరు ఒకే వారంలో ఒకే జబ్బు రాసిచ్చాడు, ఆ డాక్టరు చేతిలో ఏదో అంటువ్యాధి ఉందని ఒకాయన అంటే అందరూ పగలబడి నవ్వి ఏడింటినీ మన్నించేశారు. ఆమెది ఇరవై ఎనిమిదోది. రూళ్ళ కాగితం మీద నాలుగు వాక్యాలు. 'రెండు నెలలుగా పొద్దున్నే మంచం మీంచి లేవలేకపోతున్నాను. జ్వరం లేదు, ఎందుకో నాకూ తెలియడం లేదు. లేవగలిగిన రోజుల్లో వచ్చాను. పరీక్ష రాయనివ్వండి.' అంతే. జత చేసిన కాగితాలేమీ లేవు. బద్ధకానికి కూడా అర్జీ పెట్టే రోజులొచ్చాయండీ అని నవ్వాడు అంటువ్యాధి మాట అన్నాయనే. మాస్టారు నవ్వలేదు. నవ్వలేదన్న ఆ ఒక్క విషయాన్నీ శనివారం నుంచి చేతిలో పట్టుకుని తిరుగుతున్నారు, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు. నవ్వకుండా ఏం చేశారు? పెన్ను తీసి అంచున రాశారు. కారణం స్పష్టంగా లేదు, వైద్య ధ్రువపత్రం జతచేసి వారంలోగా మళ్ళీ ఇవ్వవలెను. చక్కటి చేతిరాత. ముత్యాల కోవలా ఉంటుందంటారు అందరూ.

మూడు నెలల కిందటి వరకూ ఆ పిల్ల రెండో వరసలో గోడవైపు కూర్చునేది. చెయ్యెత్తేది కాదు, పెన్సిలు ఎత్తేది, ఎత్తి తనే భయపడి దించేసేది. ఒకసారి స్టాఫు గది గుమ్మం దాకా వచ్చి, ఏడుస్తున్న సాక్షిని ఎంతసేపు ఆగనివ్వచ్చు సార్ అని అడిగింది. జడ్జిగారు విసుక్కునే దాకా అన్నారు తను, పక్క కుర్చీల్లోవాళ్ళు నవ్వారు, ఆ పిల్లా నవ్వి, రాసుకుని వెళ్ళింది. రాసుకుంది! ఆ మాటని పుస్తకంలో రాసుకుంది. ఏం చెప్పినా రాసుకునే పిల్లలకి ఇరవై ఆరేళ్ళుగా ఏమేం చెప్పారు? మొదటిరోజు మొదటి క్లాసులో, కంటినిండా నిద్ర కావాలనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వేరే చదువు చూసుకోండి అనడం, పిల్లలు గర్వంగా నవ్వడం, ప్రతి ఏడూ అదే నవ్వు. నల్లకోటు వేసుకోవాలంటే చర్మం మందంగా ఉండాలి అనడం. తడబడినవాణ్ణి నిలబెట్టి, కూర్చోమనడం మర్చిపోయినట్టు గంట కొట్టేదాకా నిలబెట్టడం. వాళ్ళని రాటుదేల్చాలనే కదా. కోర్టులో ఎవరు జాలిపడతారు? తనమీద ఎవరు జాలిపడ్డారు? అబద్ధం, ఒకరు జాలిపడ్డారు. ఆ సంగతి ఇప్పుడొద్దు. కిందటేడు కాలేజీలో విద్యార్థుల క్షేమానికి ఒక సంఘం పెట్టాలని పైనుంచి కాగితం వస్తే, దానికి కూడా పెద్దని చేశారు తననే, సీనియారిటీ లెక్కన. ఏం చేశారు? గోడల మీద 'మాట్లాడండి, మేం వింటాం' అని అంటించారు. మనశ్శాంతి మీద ఉపన్యాసం పెట్టించారు, పిల్లలెవరూ రారేమోనని దానికి హాజరు తప్పనిసరి చేశారు, రానివాళ్ళకి రెండు హాజర్లు కోసేశారు. మంగళవారాలు కౌన్సెలరు వచ్చి కూర్చునే గదికి అద్దాల తలుపు, ఆఫీసు క్యూలో నిలబడ్డవాళ్ళందరికీ లోపల ఏడ్చేవాళ్ళు సినిమాలాగా కనపడతారు. పైగా అక్కడికి వెళ్ళినవాళ్ళ పేర్లు రాసుకుంటారనీ, రేపు లాయరుగా నమోదు కావడానికి అడ్డుపడతాయనీ పిల్లల్లో పుకారు. అది పుకారని తను ఒక్కరోజు క్లాసులో చెప్పలేదు. చెప్పకపోగా, మన వృత్తిలో మతి స్థిరంగా ఉండటమే పెట్టుబడి అని ఏదో సందర్భంలో అన్నారు. అన్నప్పుడు ఆ పిల్ల రెండో వరసలో ఉందా, అప్పటికే రావడం మానేసిందా? రిజిస్టరు తీసి చూడాలి. రిజిస్టరు! మళ్ళీ రిజిస్టరే.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, ఎవరూ దిగలేదు, మూసుకున్నాయి. దర్జీ ప్రతిసారీ అటు చూస్తున్నాడు. హాస్టల్లో ఆ అమ్మాయి పక్క మంచంలో పడుకునే పిల్ల, రూమ్మేటు, మధ్యాహ్నం మెస్సు నుంచి వచ్చి తలుపు తోసి ముందు చూసింది ఆ పిల్లే కదా, కేకలు వేసి వార్డెనుని పిలిచిందీ ఆ పిల్లే కదా, ఆ పిల్ల ఏమైంది, ఎక్కడుంది అన్న ఆలోచన మాస్టారికి అప్పుడొచ్చింది, రెండు రోజుల తర్వాత, పదీ ముప్పై అయిదుకి. ఎక్కడుంటుంది, పరీక్ష హాల్లో ఉంటుంది. లేచి వరండా చివర కిటికీ దగ్గరికి వెళ్ళి, పరీక్షల డ్యూటీ చూస్తున్న లెక్చరరుకి ఫోను చేశారు.

"రాస్తోంది సార్," అంది ఆవిడ. "బాగానే రాస్తోంది. అప్పుడే అడిషనల్ షీటు కూడా అడిగింది."

"మనిషి ఎలా ఉంది?"

"ఎలా అంటే సార్? అందరిలాగే ఉంది."

"అయ్యాక ఆ పిల్లని ఒంటరిగా ఆ గదికి పంపకండమ్మా. మీరు దగ్గరుండండి."

"మాకెవరికీ తట్టలేదు సార్," అంది ఆవిడ.

కళ్ళారా చూసిన మనిషి, రెండు రోజులు తిరక్కుండానే, ప్రత్యక్షసాక్షికి ఉండవలసిన లక్షణాలను వివరింపుము అన్న ప్రశ్నకి జవాబు రాస్తోంది. పది మార్కులు. నాలుగో ప్రశ్న అదే. మాస్టారు కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు. కింద అంబులెన్సు షెడ్డులో డ్రైవరు ఒకడు బండి అద్దం తుడుస్తున్నాడు, గుండ్రంగా, తీరిగ్గా, తుడిచిందే తుడుస్తూ. ఎండ ఆ అద్దం మీద పడి కళ్ళలో గుచ్చుకుంది. ఒక్కసారి లేచొచ్చి ఎండలో నిలబడరా తమ్ముడూ, చాలు, అనేది అక్క. వద్దనుకున్నది వచ్చేసింది. ముప్పై రెండేళ్ళయింది. తనూ అప్పుడు మూడో సంవత్సరమే. అక్కా వాళ్ళింట్లో వెనకగది, నాలుగు నెలలు, ముఖం గోడవైపు. జ్వరం లేదు, నొప్పి లేదు, ప్రేమ విఫలమైంది లేదు, ఎవరూ తిట్టింది లేదు. పొద్దున్న తెల్లారితే చాలు, ఒంటి మీద ఎవరో ఇసక బస్తాలు పేర్చి వెళ్ళిపోయినట్టుండేది, వేలు కదపాలన్నా ఒక బస్తా దించాలి. పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా కదిలేవి. అక్క ఏమైందిరా అని ఒక్కసారంటే ఒక్కసారి అడగలేదు. రోజూ పది గంటలకి పీట తెచ్చుకుని ఆ గది గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలిచేది, బియ్యంలో రాళ్ళు ఏరేది, ఏ పనీ లేకపోతే ఊరికే కూర్చునేది, పక్కింటావిడ కోడలి మీద చాడీలు తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పేది. ఒక్కోరోజు గొంతు వినపడకపోతే తల తిప్పి చూసేవాడు తను, ఉందా లేదా అని. ఉండేది. ఆ వీపు చూసి మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. ఆ వీపు లేని రోజు ఒక్కటున్నా తనేం చేసి ఉండేవాడో తనకి తెలుసు. అక్కకీ తెలుసేమో, అందుకే కూర్చుందేమో. అక్క పోయి తొమ్మిదేళ్ళు, ఆ మాట అడగనే లేదు, కృతజ్ఞత చెప్పనూ లేదు.

కాలేజీకి కారణం కావలసొచ్చింది. బావ గుమస్తా, లోకం తెలిసినవాడు. తెలిసిన డాక్టరు దగ్గర కామెర్లు అని రాయించుకొచ్చి, "ఇదిగో, నీకు వచ్చిన జబ్బు, బాగా బట్టీపట్టు," అన్నాడు నవ్వుతూ. బట్టీపట్టాడు తను. ఎంత బాగా పట్టాడంటే, తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, అన్ని చోట్లా కామెర్ల కథే చెప్పాడు. కళ్ళు పసుపచ్చగా ఎలా తిరిగాయో, చేదుమందు ఎలా తాగాడో కూడా చెప్పాడు. కామెర్లు వచ్చిన ఒళ్ళంటూ భార్య పాతికేళ్ళుగా నూనె చుక్క తగలకుండా తనకి విడిగా వండి పెడుతోంది. రాని జబ్బుకి పాతికేళ్ళ పథ్యం. నవ్వొస్తుందా? ఇంతవరకూ రాలేదు. ఎవరైనా విందుకి పిలిస్తే ఆవిడే ముందుగా చెబుతుంది, మా ఆయనకి పడదండీ, చిన్నప్పుడు పచ్చకామెర్లు ముదిరి చావుదప్పి బయటపడ్డారు అని. చావుదప్పిన మాట ఒక్కటే అందులో నిజం. మరి ఆ ఇరవై ఎనిమిదో కాగితం చదివినప్పుడు ఇది ఎక్కడో చదివానే అనిపించింది ఎందుకో ఇప్పుడు చెప్పమంటే చెప్పగలరు. చదవలేదు. తను రాయవలసింది ఆ పిల్ల రాసింది. నాలుగు వాక్యాలు, తప్పు లేకుండా, దాపరికం లేకుండా. ఆ కాగితం మన్నిస్తే ఆ జబ్బు ఉన్నట్టు ఒప్పుకోవాలి, ఉన్నట్టు ఒప్పుకుంటే ముప్పై రెండేళ్ళ కామెర్లు ఏమవ్వాలి? నవ్వినవాడు తెలియక నవ్వాడు. తెలిసి తిప్పి పంపింది తను.

వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. దర్జీ కొంచెం జరిగి చోటిచ్చాడు, అప్పటికే చోటుంది.

"దానికి కోటు కుట్టానండీ, మొదటి సంవత్సరంలోనే," అన్నాడు తలుపు వైపే చూస్తూ. "ఇప్పుడెందుకు నాన్నా, లాయరయ్యాక కుడుదువుగాని అంది. ఆగలేకపోయాను. ఊళ్ళోవాళ్ళందరి కోట్లకీ కాజాలు కుట్టాను, నా పిల్లకి కుట్టుకోవద్దా? కాలేజీలో మూట్ కోర్టులో వాదించేటప్పుడు వేసుకునేది."

"చూశానండీ," అన్నారు మాస్టారు. నిజంగానే చూశారు. కుట్టు బాగుందని కూడా అనుకున్నారు.

"వేసవిలో నడుం దగ్గర వదులైందని తెచ్చింది. బిగించి ఇచ్చాను. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ తెచ్చింది, ఈసారి భుజాలు కూడా తగ్గించాలి. బిగించి ఇచ్చాను." టేపు కొన చేతికి తగిలితే, ఇదెక్కడి నుంచి వచ్చిందన్నట్టు చూసి, తీసి, చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు. "మనిషి చొక్కా చూసి ఒళ్ళు చెప్పేవాణ్ణి సార్ నేను. నా పిల్ల రెండంగుళాలు, రెండంగుళాలు తరిగిపోతుంటే నాకు తెలీదా? తెలిసింది. కుట్టు మార్చాను. అంతే చేశాను."

మాస్టారికి అతన్ని ఓదార్చడానికి నాలుగు మాటలు సిద్ధంగా వచ్చాయి, మీ తప్పేముందండీ, చదువుల ఒత్తిడి, ఈ కాలం పిల్లలు సున్నితం. ఆ మూడోది నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగారు.

"ఒక మాట చెప్పాలండీ మీకు. ఆ అర్జీ తిప్పి పంపింది నేను."

"తెలుసు సార్."

మాస్టారు అతని ముఖంలోకి చూశారు.

"సాక్ష్యం సారు తిప్పి పంపారు నాన్నా అని అది ఫోనులో చెప్పింది. మీరు రాగానే, ఏం పాఠం చెబుతారో చెప్పగానే తెలిసింది."

"తెలిసి కూర్చోమన్నారా?"

"ఏం చెయ్యమంటారు? మిమ్మల్ని చూస్తుంటే ఒళ్ళు మండుతూనే ఉంది. కాని రెండు రోజుల్లో కాలేజీ నుంచి వచ్చింది మీరొక్కరే." అతని గొంతు పెరగలేదు. కొలత చెబుతున్నట్టు చెప్పాడు. తర్వాత అడిగాడు, "ఎందుకు తిప్పారు సార్?"

ఇదీ ఆయన కోరుకున్న ప్రశ్న. శనివారం నుంచి ఎదురుచూస్తున్న ప్రశ్న. నిబంధనలున్నాయి, వారం గడువిచ్చాం, నలభై ఒక్క మందికీ ఒకే కొలబద్ద, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, పిలిస్తే బోనెక్కడానికి సిద్ధంగా ఉన్న సాక్షుల్లాగా. ఒక్కదాన్నీ పిలవబుద్ధి కాలేదు.

"నిజం రాసిందండీ," అన్నారు మాస్టారు. "కామెర్లని రాసి తెచ్చి ఉంటే అప్పుడే సంతకం పెట్టేవాణ్ణి. అలాంటివన్నిటి మీదా పెట్టాను. నిజం రాసేసరికి నాకు భయం వేసింది. నాకూ వచ్చిందండీ అది, ఆ వయసులోనే. నాలుగు నెలలు మంచం దిగలేదు. మా బావ దొంగకాగితం తెచ్చిపెడితే గట్టెక్కాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా."

చెప్పేశాక ఏదో జరుగుతుందనుకున్నారు. ఏమీ జరగలేదు. వరండాలో స్ట్రెచరు చక్రం కీచుమంటూ పోయింది. దర్జీ రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించుకుని కూర్చున్నాడు, చూపుడువేళ్ళ కొసలు సూదిపోట్లతో గరుగ్గా ఉన్నాయి.

"నేనూ తెచ్చానండీ," అన్నాడు. "మీరు తిప్పి పంపిన మూడో రోజే. మా వీధి డాక్టరుగారు మంచివాడు, టైఫాయిడ్ అని రాసిచ్చాడు. హాస్టలుకి తీసుకెళ్ళి దాని చేతిలో పెట్టాను. ఇవ్వలేదది. నాకు జ్వరం రాలేదు కదా నాన్నా, అంది. తిట్టాను సార్. లోకం తెలీదు నీకు, ఎలా బతుకుతావే అన్నాను. ఎలా బతుకుతావే అన్నాను దాన్ని." అంతవరకూ నిలకడగా ఉన్న మనిషి అక్కడ ఆగిపోయాడు. ముఖం చేతుల్లో పెట్టుకోలేదు, ఎటూ తిప్పుకోలేదు, కళ్ళలోంచి నీళ్ళు అలా కారిపోతుంటే తుడుచుకోకుండా కూర్చున్నాడు. ఏడుస్తున్న మనిషిని ఎంతసేపు ఆగనివ్వాలో మాస్టారికి తెలియలేదు. ఆయన కూడా ఊరికే కూర్చున్నారు. పక్కనే, భుజం తగిలీ తగలకుండా, ఏమీ అనకుండా. అక్క ఎలా కూర్చుందో, అంతసేపు, అన్ని రోజులు, నడుం నొప్పి పుట్టలేదా, భయం వెయ్యలేదా, లోపలున్నవాడు ఇక లేవడేమోనని.

పదకొండు కావస్తుండగా తలుపు తెరుచుకుంది. "మెలకువ వచ్చింది. ఎవరైనా ఒక్కరే రండి," అంది నర్సు. దర్జీ చెప్పులు బయట విడిచి, ముంజేతులతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. మాస్టారు ఆ చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నారు. బతికింది. ఆ మాట మనసులో రెండుసార్లు అనుకున్నారు, ఆనందం రాలేదు. బతికింది సరే, రేపు పొద్దున్న? ఎల్లుండి? అదే గది, అదే మంచం, అదే నోటీసు బోర్డు. నాలుగు రోజులకే వెనక్కి పంపేస్తారు, ఒక కాగితం చేతికిచ్చి. గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది ఎవరు?

దర్జీ అయిదు నిమిషాలకే బయటికొచ్చాడు. ముఖంలో ఏ ఆనవాలూ లేదు.

"పరీక్ష అయిపోయిందా అని అడుగుతోంది సార్. అమ్మని అడగలేదు, నన్ను అడగలేదు. పరీక్ష అయిపోయిందా, అంది. ఏం చెప్పమంటారు?"

మాస్టారు లేచి నిలబడ్డారు.

"నేను మాత్రం ఇక దానికి అబద్ధం చెప్పను," అన్నాడు దర్జీ. "మీరొచ్చారని చెప్పాను. రమ్మనలేదు, వద్దనలేదు. వెళ్ళి మీరే చెప్పండి. నర్సమ్మని నేను అడుగుతాను."

లోపల చల్లగా ఉంది. మూడు మంచాలు దాటాక ఆ అమ్మాయి. ఇంత చిన్నదా అనిపించింది, క్లాసులో బెంచీ వెనక ఉన్నప్పుడు తెలియలేదు. పెదవులు ఎండి చిట్లాయి, ముక్కు పక్కన ప్లాస్టరు ఊడదీసిన ఎర్రటి గుర్తు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆయన్ని చూశాయి, భయపడలేదు, పలకరించలేదు. ఆ చూపు మాస్టారికి తెలుసు. లోపల దీపం పెట్టేవాళ్ళు లేక అలా వదిలేసిన ఇంటి కిటికీలాంటి చూపు. అద్దంలో తన ముఖం మీద చూసిందే.

"పరీక్ష ఇవాళేనమ్మా," అన్నారు. "ఇప్పుడు జరుగుతోంది. నీకు ఇది పోయినట్టే, మళ్ళీ వచ్చే ఏడే. బాగవుతుందని నేను చెప్పలేను." ఆగి, మంచం ఇనుపకడ్డీ పట్టుకున్నారు. "నీ అర్జీ తిప్పి పంపడం తప్పు. ఆ తప్పు కమిటీది కాదు, నాది. నువ్వు రాసింది నాకు అర్థమైంది."

ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నారు. పక్కమంచం దగ్గర యంత్రం కూస్తోంది, ఎవరో వచ్చి దాని మీద బొత్తం నొక్కి వెళ్ళారు. వెళ్ళిపోదామని ఆయన అడుగు వెనక్కి వేస్తుండగా, గొట్టాలు తీసిన గొంతుతో, బొంగురుగా, ఒక్కో మాట కూడదీసుకుంటూ అడిగింది.

"ఆ మాట రాసిస్తారా సార్?"

మాస్టారు జేబులు తడుముకున్నారు. కాగితం లేదు. నర్సు బల్ల దగ్గరికి వెళ్ళి ఒక ఖాళీ మందుచీటీ అడిగి తెచ్చారు. మంచం పక్కన అలమర మీద పెట్టి, వంగి, నిలబడే రాశారు. అక్షరాలు వంకర్లుపోయాయి, ఇంత పాడు రాత ఆయన ఎన్నడూ రాయలేదు. 'ఈమె తన అర్జీలో తెలిపిన కారణం సరైనది. దానికి వేరే ధ్రువపత్రం అక్కర్లేదు. ఆ జబ్బు నాకు స్వయంగా తెలుసు. తెలిసి కూడా తిప్పి పంపాను.' కింద సంతకం చేసి, మళ్ళీ ఒకసారి చదువుకోకుండానే ఆమె చేతికిచ్చారు. సెలైను సూది లేని చేత్తో అందుకుని, కళ్ళకి బాగా దగ్గరగా పెట్టుకుని, పెదవులు కదుపుతూ పై నుంచి కింది దాకా చదివింది. రెండోసారి చదివింది. ముఖంలో క్షమించిన జాడ లేదు, సంతోషమూ లేదు. కాగితాన్ని ఆయన వైపు చాపింది.

"తేదీ వెయ్యలేదు సార్," అంది.

ఆయన చీటీ తీసుకుని, తేదీ వేసి, మళ్ళీ ఆమె చేతిలో పెట్టారు.